లిస్టులో ముందు వెతికిన పేరు

శ్రీలత పేరు ఇంటర్వ్యూ లిస్టులో ఉందన్న కబురు నాకు మొదట తెచ్చింది కామేశ్వరి. ఆమె కూతురు హారిక పేరు కూడా అదే లిస్టులో ఉంది. ఇవ్వబోయే స్కాలర్‌షిప్ ఒక్కటే.

అది రెండువేల సంవత్సరం, జూలై నెల. శ్రీనగర్ కాలనీలో మేం అద్దెకున్న ఇల్లు. దీపం పెట్టి సహస్రనామం చదువుకుంటున్నాను, ఇంకా పూర్తికాలేదు, గేటు చప్పుడైంది. కామేశ్వరి సినిమాల్లో గ్రూప్ డాన్సర్. అంటే పాటల్లో హీరో హీరోయిన్ల వెనక వరసలు కట్టి ఆడేవాళ్ళలో ఒకరు. షూటింగ్ లేని రోజుల్లో కూడా జడ బిగించి కాటుక పెట్టుకుని గానీ గడప దాటని మనిషి, ఆ పొద్దున జుట్టు ముడేసుకుని వచ్చేసింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“శ్రీలత పేరు లిస్టులో ఉందండీ టీచర్ గారూ. రేపు పొద్దునే ఇంటర్వ్యూ. వాళ్ళకి తెలీదు.”

వాళ్ళకి తెలియదని మీకెలా తెలుసు అని అడిగాను.

“నాకు తెలియకుండా వాళ్ళింట్లో ఏం జరుగుతుందండీ?” అంది.

ఆ మాటలో ఎంత నిజముందో చెప్పాలంటే ముందు నా పని గురించి కొంత చెప్పాలి. మధ్యాహ్నాలు జూబ్లీ హిల్స్ ఇళ్ళకు వెళ్ళి పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. సాయంత్రాలు మా ముందు గదిలో కృష్ణానగర్ పిల్లలు కూర్చునేవాళ్ళు. వాళ్ళలో చాలామంది మెరిట్ స్కాలర్‌షిప్‌ల కోసం వచ్చినవాళ్ళే. నేనైతే బడి మొహం చూసినదాన్ని కాదు. చిన్నప్పుడు నా గుండె బలహీనమని డాక్టర్లు అంటే, మా నాన్నగారు నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి లెక్కలూ ఇంగ్లీషూ చెప్పారు. పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టించారు. ఆయన పెట్టిన భిక్షే ఈనాటికీ తింటున్నాను, ఆ తండ్రికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. అయినా పక్క బెంచీలో ఇంకో పిల్ల గుసగుసలాడుతుండగా పాఠం వినడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. భుజాన సంచీ తగిలించుకుని కాలేజీ బస్సెక్కే ఆడపిల్లల్ని చూస్తే కడుపులో సన్నగా మండుతుంది. నా దగ్గర చదువుకుని కాలేజీకి వెళ్ళిన ప్రతి పిల్లనీ చూసి సంతోషించాను, ప్రతి పిల్లనీ చూసి అసూయపడ్డాను కూడా.

ఆ రోజుల్లో అసూయ పడనివాళ్ళెవరు? ఎక్కడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. ఒకింట్లో ఇంజనీరింగ్ సీటు వచ్చిందంటే పక్కింట్లో అన్నం సహించేది కాదు. జూబ్లీ హిల్స్‌లో నేను పాఠం చెప్పే ఒకింటి అమ్మగారు ఒకసారి నన్ను పక్కకు పిలిచి, తన కొడుక్కి కూడా ఏదైనా మెరిట్ స్కాలర్‌షిప్ చూడమన్నారు. వాళ్ళింట్లో డ్రైవరు కూతురి ఫొటో పేపర్లో పడిందట, టాపర్లకిచ్చే స్కాలర్‌షిప్ వచ్చిందని. “మాకు డబ్బు అక్కర్లేదండీ, పేరు వస్తే చాలు” అన్నారావిడ. ఆ అబ్బాయి మార్కులు చెప్పి ఆవిడ మనసు నొప్పించడం ఇష్టంలేక, ఇంకో ఏడాది చదవనివ్వండి అని వచ్చేశాను.

తల్లిదండ్రులందరూ నన్నడిగే ప్రశ్న ఒకటే: “మా పిల్లకి ఛాన్స్ ఎంత?” జవాబుగా నేను ఎప్పుడూ అంకె చెప్పలేదు. స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్ళు మార్కులు, రాత పరీక్ష, ఇంటర్వ్యూ, ఈ మూడింటినీ కలిపి చూస్తారు. దేనికెంత విలువిస్తారన్నదాన్ని వెయిటేజీ అంటారు. అది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. రాతకు బరువెక్కువ ఉన్నచోట మాటకారి పిల్ల నష్టపోతుంది, మాటకు బరువున్నచోట బిడియపడే పిల్ల నష్టపోతుంది. ఏ పిల్లకు ఏ చోటు నప్పుతుందో చూసి అప్లై చేయించడమే నా పనిలో సగం.

సినిమా పనివాళ్ళ పిల్లల కోసం జూబ్లీ హిల్స్‌లో అప్పట్లో ఒక ట్రస్టు ఉండేది. ఏటా ఒక్కరికి, ఇంజనీరింగ్ నాలుగేళ్ళ ఫీజూ వాళ్ళే కట్టేవాళ్ళు. ఆ ఏడు నా దగ్గరినుంచి ఇద్దరు పరీక్ష రాశారు. కామేశ్వరి కూతురు హారిక, కాస్ట్యూమ్స్‌లో పనిచేసే మల్లేశం కూతురు శ్రీలత. మల్లేశం పని ఆర్టిస్టుల బట్టలకు కొలతలు తీసుకోవడం, ఇస్త్రీ చేయడం, ఏ సీనుకు ఏ చొక్కానో గుర్తుపెట్టుకుని అందించడం. భార్య పోయాక కూతుర్ని ఒక్కడే పెంచుకుంటున్నాడు. కామేశ్వరికీ భర్త ఉన్నాడో లేడో తెలియని పరిస్థితి. ఇద్దరి పిల్లల చదువుకూ ఆ ట్రస్టు తప్ప వేరే దారి లేదు.

ఈ రెండు కుటుంబాలూ కృష్ణానగర్‌లో ఒకే మేడమీద ఎదురెదురు వాటాల్లో ఉండేవి. వాళ్ళ మధ్య పోటీ పరీక్షలతో మొదలైంది కాదు. శ్రీలతకు లెక్కల్లో నూటికి నూరు వస్తే కామేశ్వరి ఆ రోజు హారికకు తల దువ్వేటప్పుడు దువ్వెన గట్టిగా లాగేదట. హారిక స్కూల్లో ఇంగ్లీషు వ్యాసానికి కప్పు తెస్తే, మల్లేశం మేడమెట్లు ఎక్కుతూ గోడవైపు చూసుకుంటూ పోయేవాడట. ఇవన్నీ పిల్లలే నవ్వుకుంటూ నాకు చెప్పేవాళ్ళు. పెద్దవాళ్ళకంటే పిల్లలు కొంచెం నయం. మరీ అంత నయమేం కాదు, ఆ సంగతి తర్వాత తెలిసింది.

ఆ మేడ మొత్తానికి ఫోనున్నది కామేశ్వరి వాటాలోనే. డాన్సర్లకు ఎప్పుడు ఎక్కడినుంచి పిలుపొస్తుందో తెలియదు గనక ఆమె తంటాలుపడి పెట్టించుకుంది. ఫోన్‌లేనివాళ్ళు పక్కింటి నంబరే తమదిగా ఇచ్చుకునే కాలం అది, దాన్ని పీపీ నంబర్ అనేవాళ్ళం. మేడలో అందరూ కామేశ్వరి నంబరే ఇచ్చేవాళ్ళు. మల్లేశం మాత్రం ట్రస్టు అప్లికేషన్‌లో ఆ నంబర్ రాయనివ్వలేదు. “గామె చెవిన పడితే అయ్యేది కూడ కాదు టీచరమ్మ, నజర్ తగులుతది” అన్నాడు. దిష్టి మాట నేనూ కొట్టిపారేసేదాన్ని కాదు. కానీ కబురు అందే దారి మూసుకోకూడదని చెప్పాను. దానికి ఆయన తను పనిచేస్తున్న సినిమా ఆఫీసు నంబరూ చిరునామా ఇచ్చాడు. ఫిల్మ్ నగర్‌లో పెద్ద బంగళా, గేటు ముందు కార్లు. ట్రస్టువాళ్ళకు కూడా గౌరవంగా ఉంటుందనుకున్నాడు.

ఫిల్మ్ నగర్ సంగతి తెలిసినవాళ్ళకు ఇక్కడే అర్థమైపోతుంది. సినిమా ఆఫీసంటే ఆ సినిమా ఉన్నన్నాళ్ళే ఉండే ఆఫీసు. ఇల్లు అద్దెకు తీసుకుని, కొబ్బరికాయ కొట్టి, బోర్డు కడతారు. సినిమా అయిపోగానే ఖాళీ చేస్తారు. ఈ సినిమా అయిపోలేదు, మధ్యలో ఆగింది. ఆగిపోయిందని అక్కడ ఎవరూ నోటితో అనరు, షెడ్యూల్‌కి గ్యాప్ వచ్చిందంటారు. మల్లేశం ఆ గ్యాప్‌ని నమ్మి ఊరి బయట ఇంకో షూటింగ్‌కు పోయి వస్తున్నాడు. కామేశ్వరికి మాత్రం తెలుసు. ఆ సినిమాలో ఒక పాటకు ఆమెను పిలిచారు, తర్వాత ఆ పాట రద్దయిందన్నారు. ఇన్నేళ్ళు ఈ పని చేసిన మనిషికి, పాట రద్దయిందంటే ఇంకేం రద్దయిందో ఒకరు చెప్పక్కర్లేదు.

ముందురోజు సాయంత్రం ట్రస్టు ఆఫీసు గోడకు షార్ట్‌లిస్ట్ అంటించారు, అంటే రాత పరీక్షలో నెగ్గి ఇంటర్వ్యూ దాకా వచ్చినవాళ్ళ పేర్లు. హారికకు అప్పటికే ఫోన్ వచ్చినా, కళ్ళతో చూసుకుందామని కామేశ్వరి వెళ్ళింది.

“లిస్టులో ముందు ఆ పిల్ల పేరే వెతికానండీ, మా పిల్ల పేరు తర్వాత చూశాను” అంది నాతో. ఆ మాటకు ఆమెకేమీ సిగ్గనిపించలేదు.

శ్రీలత పేరు దగ్గర పెన్సిల్ గీత ఉందట. ఆ గీత ఏమిటని గుమాస్తాను అడిగితే, ఈ అమ్మాయి ఇచ్చిన నంబర్‌కి ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తడం లేదు, ఎల్లుండి ఇంటర్వ్యూకి రాకపోతే కొట్టేస్తాం అన్నాడట. ఇంటికొచ్చి చూస్తే శ్రీలత వరండాలో బట్టలారేస్తోంది. ఇంటర్వ్యూకు వెళ్ళబోయే పిల్ల వాలకం కాదది. కామేశ్వరికి విషయం అర్థమైంది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. పరీక్ష అయిన వారంలోనే కామేశ్వరి నన్ను హారిక ఛాన్సు గురించి అడిగింది. ఇద్దరూ నా పిల్లలే, అయినా అడిగినప్పుడు అబద్ధం చెప్పలేను. “మీ అమ్మాయి బాగా మాట్లాడుతుంది. కానీ ఈ ట్రస్టువాళ్ళు రాతకే ఎక్కువ వెయిటేజీ ఇస్తారు. శ్రీలత పోటీలో ఉంటే కష్టం. లేకపోతే హారికదే” అని ఉన్నదున్నట్టు చెప్పాను. అంటే ఆ పొద్దున నా గుమ్మంలో నిలబడ్డ మనిషికి, తను నోరు మూసుకుంటే ఏమవుతుందో నా నోటితోనే తెలుసు.

“అన్నీ తెలిసీ వచ్చారు. ఓడిపోతే?” అన్నాను.

ఆమె తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. “కొన్నేళ్ళ కింద ఒక పాటలో ముందు వరసలో నిలబడ్డానండీ. అక్కడ ఉండాల్సిన అమ్మాయికి కాలు బెణికింది, డాన్స్ మాస్టారు నన్ను లాగి నిలబెట్టారు. బాగా చేశాను, బాగా చేశావని ఆయనే అన్నారు. తర్వాత నా అంతట నేను ఎన్నోసార్లు ముందు వరసలో చేశాను. అయినా సెట్లో నా పేరేంటో తెలుసా? ‘కాలు బెణికితే వచ్చినావిడ.’ నిన్నగాక మొన్న చేరిన పిల్లలు కూడా అంటారు. శ్రీలత రాకపోతే వచ్చింది అని మా హారిక జీవితాంతం వినాలా? ఆ పిల్ల ఎదురుగా కూర్చునుండగా మాది గెలవాలి. గెలిచాక ఆ మల్లేశం మొహం నేను చూడాలి. ఓడిపోతే ఏడుస్తాను. మీ ఇంటికొచ్చి మాత్రం ఏడవను” అంది.

తను వెళ్ళి చెబితే వాళ్ళు నమ్మరనే నా దగ్గరికొచ్చింది. ఆ లెక్క సరైనదే. నేను ఆటోలో కృష్ణానగర్ వెళ్ళి విషయం చెప్పగానే మల్లేశం మొదట అడిగింది ఇంటర్వ్యూ ఎప్పుడని కాదు, ఎవరు చెప్పారని.

“కామేశ్వరక్క చెప్పిందా? గామె ఎందుకు చెప్తది టీచరమ్మ? గిండ్ల ఏదో మతలబు ఉంది.”

మతలబు సంగతి తర్వాత చూద్దాం, ముందు ట్రస్టుకు ఫోన్ చేయండన్నాను. కామేశ్వరి తలుపు తట్టడానికి మనసొప్పక వీధి చివర ఎస్టీడీ బూత్‌కి పోయి చేశాడు. గుమాస్తా ఔనన్నాడు. అయినా మనసు ఒప్పక ఫిల్మ్ నగర్ దాకా వెళ్ళొచ్చాడు. గేటుకు తాళం, తాళం పక్కన టు లెట్ బోర్డు. తిరిగొచ్చి గోడకానుకుని కూర్చుండిపోయాడు. “నా చేతులతోటి నేనే బిడ్డ నోట్ల మన్నుగొట్టేటోన్ని” అన్నాడు.

శ్రీలత పాఠాలకు రావడం మానేసి అప్పటికి కొన్నాళ్ళయింది. ఎదుటి వాటాలో హారిక ఇంటర్వ్యూ జవాబులు పైకి చెప్పుకుంటుంటే విని, తనకు రాలేదనుకుందట. ఆ రోజంతా నా దగ్గరే ఉంచుకుని చదివిద్దామని ఆటో ఎక్కించుకుని వస్తుంటే, దారిలో మెల్లగా అంది: “హారికకు రావొద్దని మొక్కిన టీచర్.”

“దేవుడు అన్ని మొక్కులూ తీర్చడు తల్లీ. అదే ఆయన దయ” అన్నాను. మాట పైకి అన్నాను గానీ, నేనూ ఆ వయసులో మా వీధి పిల్లలు బడికి పోతుంటే కిటికీలోంచి చూస్తూ వానొచ్చి బడి మూసేయాలని మొక్కుకున్నదాన్నే.

మర్నాడు ట్రస్టు ఆఫీసు హాల్లో అందరం కూర్చున్నాం. మల్లేశం కూతురికి కొత్త చుడీదార్ వేయించుకొచ్చాడు. బట్టల పనిలో ఉన్న తండ్రి మనసు ఊరుకోక చున్నీ అంచంతా రాత్రికి రాత్రి చమ్కీ కుట్టాడు. కిటికీలోంచి ఎండ పడినప్పుడల్లా ఆ పిల్ల మెడచుట్టూ తళుక్కుమంటోంది. కామేశ్వరి అటు చూసింది, ఇటు చూసింది, చివరికి ఉండబట్టలేకపోయింది.

“మల్లేశం గారూ, లోపల ఉన్నది కెమెరా కాదు. ఆ చున్నీ తీయించండి. మా పిల్ల మీ పిల్లమీద గెలవాలి గానీ ఆ చమ్కీ మీద కాదు.”

మల్లేశం మొహం ఎర్రబడింది. కానీ చున్నీ మడిచి సంచీలో పెట్టుకున్నాడు. హారిక తన సాదా చున్నీ చూపించి, తను లోపలికెళ్ళొచ్చాక ఇస్తానంది. ముందు హారికను పిలిచారు, తర్వాత శ్రీలత అదే చున్నీ వేసుకుని లోపలికెళ్ళింది. ఆ కాసేపూ తల్లి కూతురి వైపు చూసిన చూపు నేను చూశాను, ఇంటికెళ్ళాక ఆ పిల్లకు చీవాట్లు తప్పవనుకున్నాను.

హారిక నవ్వుతూ బయటికొచ్చింది. శ్రీలత రెండు ప్రశ్నలకు తెలియదని చెప్పానంటూ తలవంచుకుని వచ్చింది. వెళ్ళబోతుంటే గుమాస్తా శ్రీలత తండ్రిని పిలిచి, ఈసారి పనిచేసే నంబర్ చెప్పమన్నాడు. మల్లేశం కామేశ్వరి దగ్గరికొచ్చి, “అక్కా, నీ నంబర్ ఇయ్యొచ్చా?” అన్నాడు.

“ఇవ్వండి. మొదటే ఇచ్చుంటే నాకు నిన్న టీచర్ గారింటికి నడక తప్పేది” అంది కామేశ్వరి.

ఫలితం ఆ ఫోన్‌కే వచ్చింది. ఎంపికైంది శ్రీలత, వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు హారిక. ఎంపికైనవాళ్ళు చేరకపోతే అవకాశం ఎవరికి పోతుందో వాళ్ళ వరసే వెయిటింగ్ లిస్టు. రెండు కబుర్లూ ఒక్క ఫోన్‌లోనే విన్నది కామేశ్వరి. అప్పుడు ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. వరండా దాటి ఎదుటి వాటా తలుపు తట్టిందట. “మీ పిల్లకి వచ్చింది. ఎల్లుండిలోగా వెళ్ళి సంతకాలు పెట్టాలట. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకెళ్ళండి” అని చెప్పి, మల్లేశం దండం పెట్టేలోపే వెనక్కి తిరిగి తలుపేసుకుందట. ఈ సంగతి నాకు చెబుతూ మల్లేశం ఏడ్చాడు. “గామె నజర్ తగులుతదని నేను భయపడ్డ టీచరమ్మ” అన్నాడు.

కామేశ్వరి అన్నమాట ప్రకారం మా ఇంటికొచ్చి ఏడవలేదు. ఫోన్ మాత్రం చేసేది. “ఆ పిల్ల చేరిందాండీ? కాలేజీ నచ్చలేదని గానీ ఏమైనా అంటోందా? జలుబు చేసినట్టుంది మొన్న, దగ్గుతోంది.” ఆ గొంతులో ఆశ దాచుకునేది కాదు. శ్రీలత చేరింది, క్లాసులు మొదలయ్యాయి, ఫోన్లు ఆగిపోయాయి. హారిక డిగ్రీ కాలేజీలో బీఎస్సీ కంప్యూటర్స్‌లో చేరింది. తల్లి మోకాళ్ళనొప్పులతోనే చాలాకాలం వెనక వరసల్లో ఆడుతూ ఆ పిల్లను చదివించింది. కామేశ్వరికి దక్కిందేమిటంటే, మేడలో ఎవరూ హారికను ఇంకొకరు రాకపోతే వచ్చిన పిల్ల అనలేదు. ఆమె దాన్ని చాలనుకుందని నేను అనుకోను. చాలలేదు. ఇప్పటికీ శ్రీలత మాటొస్తే పెదవి బిగిస్తుంది.

కాలేజీ మొదలైన కొత్తల్లో శ్రీలత నాకు నమస్కరించడానికి వచ్చింది, మెడలో ఐడీ కార్డుతో. ఒకసారి చూడనివ్వమని అడిగి చేతిలోకి తీసుకున్నాను. చాలాసేపు వెనక్కివ్వలేదు. ఆ పిల్ల కూడా అడగలేదు.

ఈ కేసు నాకు నేర్పింది నా పనికి సంబంధించిన విషయమే. పిల్ల ఛాన్సు లెక్కకట్టేటప్పుడు మార్కులు చూశాను, రాత చూశాను, మాట చూశాను. ఆ పిల్లను చూసి ఓర్వలేనివాళ్ళు ఎలాంటివాళ్ళో చూడాలని నాకు తట్టలేదు. మన మంచి కోరేవాళ్ళు మనకు మంచే జరుగుతుందని నిశ్చింతగా ఉంటారు. మనల్ని చూసి కుళ్ళుకునేవాళ్ళు మాత్రం మన ప్రతి అడుగూ గమనిస్తారు, గోడమీద మన పేరుకోసం ముందు వాళ్ళే వెతుకుతారు. అందుకే తర్వాత నా పిల్లలందరికీ అప్లికేషన్‌లో రెండు నంబర్లు ఇమ్మని చెప్పేదాన్ని, ఒకటి మిమ్మల్ని ప్రేమించేవాళ్ళది, ఇంకోటి మీరంటే గిట్టనివాళ్ళది. పిల్లలు నవ్వేవాళ్ళు. నేను నవ్వకుండానే చెప్పేదాన్ని.

రోజూ దేవుడి ముందు కూర్చునే మనిషిని. ఆ పొద్దున ఆమె స్థానంలో నేనుంటే మా గేటుదాకా నడిచి వచ్చేదాన్నా అని ఎన్నోసార్లు ఆలోచించాను. జవాబు రాలేదు. అందుకని ఆమెను చూసినా నాకు అసూయే. అసూయను మనసులోంచి తీసేసినవాళ్ళ గురించి పుస్తకాల్లో చదివాను. అది గొంతుదాకా ఉండగానే న్యాయంగా నడిచిన మనిషిని నాకు దేవుడు కళ్ళతో చూపించాడు, ఆ తండ్రికి ఎంత రుణపడ్డానో.

స్కాలర్‌షిప్ గెలిచిన పిల్లల ఫొటోలు ఏటా పేపర్లో పడతాయి. పిల్లల్ని అందరూ దీవిస్తారు, గురువుల్ని మెచ్చుకుంటారు, తల్లిదండ్రుల చేత నాలుగు మాటలు చెప్పిస్తారు. ఆ ఫొటోల్లో ఎప్పటికీ కనిపించని ఒక తల్లి ఉంది. సాయంత్రం మీ ఇంట్లో దీపం పెట్టినప్పుడు, కుదిరితే ఒక్కసారి ఆమెను తలుచుకోండి. పేరు కామేశ్వరి.